స్కీయింగ్ అన్న మాట ఏ పేజీలో ఉంది?

మొదటిసారి మంచు మీద స్కీయింగ్‌కు పోయేవాళ్ళు ఏ ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోవాలని ఎవరైనా అడిగితే నేను కంపెనీ పేరు చెప్పను, ధర కూడా చెప్పను. ఒక్క ప్రశ్న అడగమంటాను. "ఈ కాగితంలో స్కీయింగ్ అన్న మాట ఏ పేజీలో ఉంది? చూపించండి." చూపిస్తే మిగతా సంగతులు మాట్లాడుకోవచ్చు. చూపించలేకపోతే అది ఎంత చవకగా వచ్చినా మనకు పనికిరాదు. ఇంకో మాట కూడా అంటాను. ఆ కాగితం చదవాల్సింది ఇంట్లో మనమే, ఆడవాళ్ళమే. ఎందుకో చెప్తాను.

నాగల్‌గిద్దలో కూర్చుని స్కీయింగ్ గురించి రాయడమేంటని మీరు నవ్వుకోవచ్చు. మా దిక్కు పత్తి, కంది, జొన్న తెలుసు. మంచు అంటే డిసెంబరు పొద్దున చేల మీద కమ్ముకునే పొగమంచు తెలుసు. కానీ కాలం మారింది. పిల్లలు ఫోనులో గుల్మార్గ్ వీడియోలు చూసి "మనమెప్పుడు పోదాం" అంటున్నారు. ఈ జనవరి నెలాఖరుకు మేము, హైదరాబాద్‌లో ఉండే మా చెల్లె వాళ్ళు కలిసి పోదామనుకున్నాం. టికెట్లు, హోటలు మరిది చూసుకున్నాడు. ఇన్సూరెన్స్ సంగతి వచ్చేసరికి చెల్లె నాకు ఫోన్ చేసింది.

"అక్కా, టికెట్ కొంటుంటె కింద ఒక డబ్బా వచ్చింది, ట్రావెల్ ఇన్సూరెన్స్ కావాల్నా అని. మనిషికి మూడు వందలు కూడ లేదు. టిక్కు పెట్టేస్తున్న."

"పెట్టకు. ముందు కాగితం పంపు" అన్నాను.

పంపింది. సామాను పోతే ఇంత, విమానం ఆలస్యమైతే ఇంత, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంత అని మొదటి పేజీలో పెద్ద అక్షరాలు. వెనక పేజీల్లో చిన్న అక్షరాలతో "వర్తించనివి" అని ఒక పెద్ద పట్టిక. అందులో సాహస క్రీడలు, మంచు మీద ఆడే ఆటలు ఉన్నాయి. అంటే పెట్టె పోతే డబ్బులిస్తారు, స్కీ మీద నుంచి పడి కాలు విరిగితే ఇవ్వరు. మనం పోయేదే దానికోసం. ఆ మూడు వందలు మోసమని నేననను. ఉట్టి చుట్టపుచూపుకు పోయేవాళ్ళకు అది సరిపోతుంది. స్కీయింగ్‌కు పోయేవాళ్ళకు కాదు.

మా అత్తమ్మకు ఈ గొడవంతా నచ్చలేదు. "శుభమా అని పోతుంటె కాళ్ళిరుగుతయని కాయితం రాయించుకుంటరా?" అంది. "బర్రెను కొన్ననాడే చెవికి బిళ్ళ వేయించినం కద అత్తమ్మా, అది చావాలని వేయించినమా?" అన్నాను. ఆమె ఇక మాట్లాడలేదు. బర్రె ఇన్సూరెన్స్ చేసిన ఇంటికి ఈ సంగతి బాగా తెలుసు. చెవికి బిళ్ళ లేకుంటే బర్రె చచ్చినా పైసలు రావు.

మన పల్లెటూరి ఆడవాళ్ళకు ఇన్సూరెన్స్ తెలియదని పట్నంవాళ్ళు అనుకుంటారు. తెలుసు. సంఘంలో ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రమాద బీమా తెలుసు, 436 రూపాయలు కట్టే జీవన జ్యోతి తెలుసు. 2018 నుంచి రైతుబీమా ఉంది. రైతు ఏ కారణంతో పోయినా నామినీకి 5 లక్షలు. రైలు టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకుంటే రూపాయి కన్నా తక్కువకు ప్రయాణ బీమా వస్తుందనీ తెలుసు. అయితే ఇవన్నీ మనకు ఒక అలవాటు నేర్పాయి. కట్టేది చిన్నది, అడిగేది తక్కువ, వివరాలు చదవనక్కర్లేదు అనే అలవాటు. స్కీయింగ్ పాలసీ అట్లాంటిది కాదు. ఏం చేస్తూ, ఎక్కడ, ఎవరితో ఉన్నప్పుడు దెబ్బ తగిలిందన్నది అక్కడ లెక్కలోకి వస్తుంది.

ముందు ఇంట్లో ఏమున్నదో చూసుకోవాలి. చెల్లె వాళ్ళకు కుటుంబమంతటికీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది. దాంట్లో కూడా సాహస క్రీడలకు వర్తించదని ఒక వాక్యం ఉంది. అది చూసి చెల్లె బెదిరింది. పూర్తిగా చదివితే అందులో "ప్రొఫెషనల్‌గా పాల్గొంటే" అని ఉంది. మన హైదరాబాద్‌లోనే ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో హెల్త్ పాలసీల్లో ఇట్లాంటి మినహాయింపులకు అన్ని కంపెనీలకూ ఒకే మాటలు ఖరారు చేసింది. ఆ మాటల ప్రకారం, వృత్తిగా ఆ ఆటలు ఆడేవాళ్ళకు దెబ్బ తగిలితే ఖర్చు రాదు. సెలవుకు పోయి మొదటిసారి స్కీ కట్టుకున్న ఇల్లాలు ప్రొఫెషనల్ కాదు కదా. అంటే దేశంలోపల స్కీయింగ్‌లో పడి ఆసుపత్రిలో చేరితే, మామూలు హెల్త్ పాలసీ ఆ ఖర్చు భరించే అవకాశం బాగా ఉంది. ఇది తెలియక రెండుసార్లు డబ్బు కట్టేవాళ్ళు ఉంటారు. ఇది తెలియక, ఉన్న పాలసీని వాడుకోకుండా చేతి నుంచి కట్టుకునేవాళ్ళూ ఉంటారు. పోయే ముందు ఒక ఈమెయిల్ పెట్టి కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఫోనులో తియ్యగా చెప్పిన మాట క్లెయిమ్ నాడు గుర్తుండదు.

మా ఇంట్లో అట్లాంటి పాలసీ లేదు. రేషన్ కార్డు మీద ఆరోగ్యశ్రీ ఉంది. ఇక్కడ అది పెద్ద అండ. కానీ కాశ్మీర్ కొండ మీద పడితే దగ్గర్లో కనిపించే ఆసుపత్రి మన ఆరోగ్యశ్రీ జాబితాలో ఉంటుందని లెక్క పెట్టుకోలేం. కాబట్టి మా నలుగురికి వేరే పాలసీ కావాలి, చెల్లె వాళ్ళకు ఉన్నదాని మీద కొంచెం కలుపుకుంటే చాలు. ఒకే ప్రయాణానికి పోయే రెండు కుటుంబాలకు రెండు రకాల అవసరం. "వాళ్ళు ఏం తీసుకున్నరో మనకూ అదే తీసుకో" అంటే కుదరదు.

హెల్త్ పాలసీ ఉన్నా ఏం కలుపుకోవాలంటారా? మామూలు హెల్త్ పాలసీ సాధారణంగా ఆసుపత్రిలో ఒక రోజన్నా చేరితేనే ఖర్చు ఇస్తుంది. కొండ మీద నుంచి కిందికి మోసుకొచ్చిన ఖర్చు, చేరకుండా తీయించుకున్న స్కానింగ్, కాలికి కట్టుతో మూడు సీట్లు తీసుకుని ఇంటికి రావాల్సిన విమానం, పిల్లలతో అక్కడే ఆగిపోయిన నాలుగు రోజుల హోటలు, ఇవన్నీ అందులో రావు. ట్రావెల్ పాలసీ తీసుకునేది ఇందుకే. గుల్మార్గ్ దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉంది, శ్రీనగర్‌కు 50 కిలోమీటర్ల పైనే. పెద్ద ఎముకల ఆసుపత్రి శ్రీనగర్ బర్జుల్లాలో ఉంది. మంచు పడుతున్న రోజు ఆ దారిన కాలు విరిగిన మనిషిని తీసుకుపోవడం మాటలు కాదు.

ప్రమాదం అందరికీ ఒకేలా ఉండదు కూడా. కింద మైదానంలాంటి చోట గురువు చేయి పట్టుకుని నేర్చుకోవడం ఒకటి. గొండోలా ఎక్కి అఫర్వాత్ కొండ పైకి పోయి అక్కడి నుంచి జారడం ఇంకొకటి. 2023 ఫిబ్రవరి 1న ఆ కొండ మీద మంచు చరియలు విరిగిపడి పోలండ్ నుంచి వచ్చిన ఇద్దరు స్కీయర్లు చనిపోయారు. 2017 జూన్‌లో చెట్టు కూలి గొండోలా తీగల మీద పడి ఏడుగురు ప్రాణాలు పోయాయి. అందులో ఢిల్లీ నుంచి వచ్చిన ఒక కుటుంబంలో నలుగురు ఉన్నారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. స్కీయింగ్ రాసి ఉన్న పాలసీల్లో కూడా చాలావాటిలో గుర్తించిన దారి వదిలి జారితే వర్తించదని ఉంటుంది. మగపిల్లలు, మగవాళ్ళు సరదాకు దారి తప్పుతారు. ఆ వాక్యం పోయే ముందే వాళ్ళకు చదివి వినిపించాలి. మందు తాగి ఉంటే వర్తించదనే వాక్యం కూడా. చలికి ఒక పెగ్గు అనే బావలు మన ఇళ్ళల్లో తక్కువేం కాదు.

ఇప్పుడు మన సంగతి.

ఇంగ్లీషు నటి నతాషా రిచర్డ్‌సన్ 2009 మార్చి 16న కెనడాలోని మాంట్ ట్రెంబ్లాంట్‌లో స్కీయింగ్ పాఠం నేర్చుకుంటూ పడిపోయింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళ వాలు మీదే పడింది. హెల్మెట్ లేదు. పైకి దెబ్బ కనిపించలేదు. నాకేం కాలేదని వచ్చిన అంబులెన్సును వెనక్కి పంపింది. కొంతసేపటికి తలనొప్పి మొదలైంది. రెండు రోజులకు చనిపోయింది. వయసు 45.

ఆమె పెద్ద నటి, మనమెక్కడ అనకండి. "నాకేం కాలేదు" అన్న మాట మనదే. కాలు మడత పడ్డా, చెయ్యి కాలినా, కడుపులో నొప్పి ఉన్నా ముందు వచ్చేది ఆ మాటే. ఎందుకంటాం? ఒకటి, నలుగురి సంతోషం చెడగొట్టడం ఇష్టం లేక. రెండు, ఖర్చు. పిల్లవాడు పడితే క్షణం ఆలోచించం, మనం పడితే "స్కానింగ్‌కు ఎంతవుతదో" అని లెక్కేస్తాం. మంచి పాలసీ చేతిలో ఉంటే ఆ రెండో సాకు పోతుంది. అందుకే నా ప్రశ్నల్లో ఇది ముఖ్యమైనది: "ఆసుపత్రిలో చేరకుండా, అనుమానం తీర్చుకోవడానికి స్కానింగ్ చేయించుకుంటే ఇస్తారా?" ఇస్తామని రాసి ఉన్న పాలసీ వంద రూపాయలు ఎక్కువైనా తీసుకుంటాను.

స్కీయింగ్‌లో మోకాలు మెలిపడి లోపలి లిగమెంట్ తెగడం మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకు ఎక్కువగా జరుగుతుందని వైద్యులు చెప్తారు. ఆపరేషన్ అయితే కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఆసుపత్రి బిల్లు ఇన్సూరెన్స్ కడుతుంది సరే. ఆ నెలలు వంటెవరు చేస్తారు, బర్రె పాలెవరు పిండుతారు, అత్తమ్మ మందులెవరు చూస్తారు? ఉద్యోగం చేసే మనిషికి జీతం పోతే కొన్ని పాలసీలు వారానికి ఇంత అని ఇస్తాయి. మనకు జీతం లేదు కాబట్టి పోయిందేమీ లేదని వాటి లెక్క. ప్రమాద బీమాలో కూడా చాలా చోట్ల గృహిణికి ఇచ్చే మొత్తం భర్త మొత్తంలో సగానికో అంతకన్నా తక్కువకో కుదిస్తారు.

కోర్టులు ఈ లెక్క ఒప్పుకోలేదు. 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో, లతా వాధ్వా కేసు అంటారు, 2001లో సుప్రీంకోర్టు గృహిణి చేసే పనికి నెలకు 3,000 రూపాయల విలువ కట్టింది. 2021 జనవరిలో, ఒక రోడ్డు ప్రమాదం కేసులో, ఇల్లాలి పనికి ఆర్థిక విలువ ఉందని మళ్ళీ గట్టిగా చెప్పింది. కోర్టు చెప్పినంత మాత్రాన ట్రావెల్ పాలసీ పట్టిక మారదు. కానీ పాలసీ తీసుకునేటప్పుడు "నా పేరు మీద ఎంత రాశారు, ఆయన పేరు మీద ఎంత రాశారు?" అని అడిగే హక్కు మనకుంది. సమానంగా ఇచ్చే పాలసీలున్నాయి. వెతుక్కోవాలి. మేము వెతికి తీసుకున్నది అట్లాంటిదే. మా నలుగురికి కలిపి అయిన ఖర్చు, నలుగురం గొండోలా ఎక్కే ఖర్చు కన్నా తక్కువ.

ఇంకో రెండు సంగతులు పోయే ముందే తెలిసి ఉండాలి. 2024 జనవరిలో గుల్మార్గ్‌లో నెలాఖరు దాకా మంచే పడలేదు. ఎండిన గడ్డి ఫోటోలు మీరూ చూసి ఉంటారు. మంచు లేదు, పోవడం మానుకున్నాం, డబ్బు ఇవ్వండి అంటే మామూలు పాలసీలు ఇవ్వవు. ప్రయాణం రద్దుకు వాళ్ళు ఒప్పుకునే కారణాలు వేరే ఉంటాయి: జబ్బు, దగ్గరివాళ్ళ మరణం, విమానం రద్దు లాంటివి. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో అమాయకులను కాల్చి చంపిన తర్వాత కాశ్మీర్‌లో చాలా పర్యాటక స్థలాలు మూసేశారు. మే నెలలో కొన్ని రోజులు శ్రీనగర్ విమానాశ్రయమే నడవలేదు. యుద్ధం, ఉగ్రవాదం అన్న మాటలు "వర్తించేవి"లో ఉన్నాయా, "వర్తించనివి"లో ఉన్నాయా చూసుకోండి. ఆ భయమున్నవాళ్ళు ఇన్సూరెన్స్ మీద ఆధారపడేకన్నా రద్దు చేస్తే డబ్బు వెనక్కిచ్చే హోటలు, టికెట్టు తీసుకోవడం మేలు.

పిల్లలు విదేశాల్లో ఉన్న అక్కలకు ఒక మాట. యూరప్ పోయేవాళ్ళకు షెంగెన్ వీసా కోసం కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆ కాగితం వీసాకు సరిపోతుంది. దాంతో ఆల్ప్స్ కొండల మీద స్కీయింగ్ చేయొచ్చని కాదు. అక్కడ కొండ మీద నుంచి హెలికాప్టర్‌లో దింపితే ఆ బిల్లు వేరు, పాలసీలో రెస్క్యూ అని విడిగా ఉండాలి. అమెరికాలో కొడుకు దగ్గరికి పోయేవాళ్ళకు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్‌లో రెండు రకాలున్నాయి. ఫిక్స్‌డ్ బెనిఫిట్ అంటే ఒక్కో వైద్యానికి ఇంతే అని ముందే కట్టేసిన మొత్తం ఇస్తారు, మిగిలిందంతా మనదే. కాంప్రహెన్సివ్ అంటే మొదట కొంత మనం కట్టాక మిగతాదాంట్లో ఎక్కువ భాగం వాళ్ళు భరిస్తారు. అక్కడి ఆసుపత్రి బిల్లులు తెలిసినవాళ్ళు రెండోదే తీసుకుంటారు. కోడలు "అత్తమ్మా, ఒక్కసారి స్కీ కట్టుకోండి" అని ముద్దుగా పిలిచినా, స్కీయింగ్ అన్న మాట కాగితంలో ఉన్నాకే కట్టుకోండి. బీపీ, షుగరు ఉంటే దాచకుండా రాయించండి. దాచిన జబ్బు క్లెయిమ్ నాడు బయటపడుతుంది.

"ఇంతా చదివి కొన్నాక కూడా వాళ్ళు ఇవ్వకపోతే?" అని మా ఆయన అడిగాడు. న్యాయమైన ప్రశ్న. క్లెయిమ్ రాకపోవడానికి సగం కారణం కాగితాలు లేకపోవడం. స్కీ నేర్పినాయన రసీదు, డాక్టరు చీటీ, ఎక్స్‌రే, బిల్లులు అన్నీ అక్కడే తీసుకుని ఫోనులో ఫోటో పెట్టుకోవాలి. కంపెనీకి ఆ రోజే చెప్పాలి. అన్నీ ఉండి కూడా కాదంటే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల దాకా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. జవాబు వచ్చిన ఏడాదిలోపు పోవాలి. నారాయణఖేడ్ నుంచి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు.

అందరూ తప్పకుండా కొనాలని నా వాదన కాదు. దేశంలోపలే పోతూ, మంచి హెల్త్ పాలసీ ఉండి, పిల్లలను స్లెడ్జి మీద కూర్చోబెట్టి ఫోటోలు దిగి వచ్చేవాళ్ళకు వేరే పాలసీ లేకున్నా గడుస్తుంది. కాళ్ళకు స్కీ కట్టుకునేవాళ్ళు మాత్రం చదవకుండా టిక్కు పెట్టొద్దు.

కొన్నాక కాగితం ఆయన ఈమెయిల్‌లో ఉండిపోనివ్వకండి. పడేది ఆయనే అయితే ఆ ఫోను పాస్‌వర్డ్ కోసం మంచులో నిలబడి వెతుక్కోవాల్సి వస్తుంది. రెండు ప్రింట్లు తీయించి ఒకటి మన హ్యాండ్‌బ్యాగులో, ఒకటి ఊళ్ళో ఉన్నవాళ్ళ దగ్గర పెట్టండి. ఇరవై నాలుగు గంటల హెల్ప్‌లైన్ నంబరు పెద్ద పిల్లల ఫోనుల్లో కూడా ఎక్కించండి. నామినీ పేరు దగ్గర ఖాళీ వదలకండి. హెల్మెట్ అద్దెకు దొరుకుతుంది. అందరికన్నా ముందు మీరు పెట్టుకోండి.